గాలీ కాదు, బద్ధకమూ కాదు

కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కుతాడు. తల్లి చింతగింజల పిండిలో రంపపు పొట్టు వేసి మక్కు కలుపుతుంది. అంబారీ ఏనుగుకు రంగులు వేసేది కొడుకు. వాడికి ఇరవై ఏళ్లు. మంచి పనివాడు.

కొన్నాళ్లుగా వాడు మారిపోయాడు. కుంచె పట్టుకుని అలాగే కూర్చుంటున్నాడు. ఏనుగు సగం రంగుతో మిగిలిపోతోంది. స్నేహితులు పిలిచినా పోడు. స్నానం చెయ్యడు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. "వీడికి బద్ధకం ఎక్కువైంది" అన్నాడు తండ్రి. "ఎవరి మీదో మనసు పడ్డాడేమో వదినా" అంది పక్కింటావిడ. "వీడు వీడిలా లేడు" అనుకుంది తల్లి. తల్లి అనుకున్నదే నిజం.

మూడు నెలలు గడిచాయి. ఎవరూ లేని గదిలో వాడు మాట్లాడుతున్నాడు. "ఎవరితో నాయనా?" అని తల్లి అడిగింది. "నన్ను తిడుతున్నారు, నీకు వినపడటం లేదా?" అన్నాడు. తల్లి పెట్టిన అన్నం కూడా ముట్టలేదు. అందులో విషం కలిపిందట! కన్నతల్లికి ఇంతకన్నా బాధ ఏముంటుంది?

గాలి సోకింది అన్నారు కొందరు. చేతబడి అన్నారు ఇంకొందరు.

ఇది జబ్బు. దీని పేరు స్కిజోఫ్రీనియా. పేరు నోరు తిరగదు గాని జబ్బు అంత అరుదైంది కాదు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. మెదడు పనిచేసే తీరులో తేడా వల్ల వస్తుంది. ఎక్కువగా వయసులో ఉన్నప్పుడే మొదలవుతుంది. ఆడవాళ్లకూ వస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. తల్లి పెంపకం వల్ల మాత్రం రాదు. "నీ గారాబమే వాణ్ణి చెడగొట్టింది" అని ఆడదాని మీదకు నెట్టడం అన్యాయం.

లేని మాటలు వినపడటం, అందరూ తనకు కీడు తలపెడుతున్నారని నమ్మటం, మాటకూ మాటకూ పొంతన లేకపోవటం, ఇవి పైకి కనపడే గుర్తులు. టీవీలో తన గురించే చెబుతున్నారని కొందరు అంటారు. కాని చాలామందిలో ముందు వచ్చేవి చప్పుడు లేని గుర్తులు. నిద్ర పోవటం, శుభ్రత పోవటం, పని మీద ఆసక్తి పోవటం. వీటినే జనం బద్ధకం అంటారు.

ఒక్క గుర్తు చూసి జబ్బు అనుకోకూడదు. భర్త పోయిన మనిషికి కొన్నాళ్లు ఆయన పిలిచినట్టు అనిపించవచ్చు. అది జబ్బు కాదు. గంజాయి వల్ల, తీవ్రమైన జ్వరం వల్ల కూడా లేనివి వినపడవచ్చు. ఏదో తేల్చాల్సింది డాక్టరే. విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. 14416 కు ఫోను చేసినా సలహా చెబుతారు. డబ్బులు తీసుకోరు. "చచ్చిపోతా" అన్నా, "చావమని వినపడుతోంది" అన్నా ఒక్క పూట కూడా ఆగవద్దు. మనిషిని ఒంటరిగా వదలవద్దు.

"ఎప్పటి నుంచి?" అని డాక్టరు అడుగుతారు. అందుకే ఆ తల్లి ఒక కాగితం మీద రాసుకుంది. నిద్ర ఎప్పుడు తప్పింది, అన్నం ఎప్పుడు మానేశాడు, ఏం వినపడుతోంది అన్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నా డాక్టరుకు పనికొచ్చాయి.

"పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనేవాళ్లు ఉంటారు. కుదరదు. ఇంకో ఆడపిల్ల బతుకు కూడా కష్టాల్లో పడుతుంది. కట్టేయడం అంతకన్నా ఘోరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసిన రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. 2017 చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం.

వాడు చెప్పేది అబద్ధమని వాదించవద్దు. నిజమేనని ఒప్పుకోవద్దు. "నీకు భయంగా ఉంది కదా, నేను ఇక్కడే ఉన్నాను" అంటే చాలు.

మందుల గుణం తెలియటానికి కొన్ని వారాలు పడుతుంది. మత్తుగా ఉండవచ్చు, చేతులు వణకవచ్చు, ఒళ్లు రావచ్చు. అప్పుడు డాక్టరుకు చెప్పాలి గాని మాత్రలు సొంతంగా ఆపకూడదు. తగ్గిందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

పని మీదకు మనసు రావటానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. తొందరపెట్టవద్దు. ముందు అమ్మ పక్కన కూర్చుని మక్కు కలపనివ్వండి. కుంచె తర్వాత పట్టుకుంటాడు.