ఎగిరేది గంట, ఎదురుచూపు పూట

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవులున్నాయి. వాటిలో వెస్ట్రే అనే దీవి నుంచి పక్కనే ఉన్న పాపా వెస్ట్రేకి ఒక విమానం తిరుగుతుంది. దూరం 2.7 కిలోమీటర్లు. మన శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు! టైంటేబుల్లో రెండు నిమిషాలని వేస్తారు. గాలి కలిసొస్తే ఆ మాత్రం కూడా పట్టదు, 53 సెకన్లలో దిగిన రికార్డుంది. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానంలో పైలట్ పక్క సీటు కూడా ప్రయాణికుడిదే. లోగన్ఎయిర్ అనే సంస్థ 1967 నుంచి నడుపుతోంది. ప్రపంచంలోకెల్లా పొట్టి విమాన సర్వీసు ఇదే. సరదాకి ఎక్కేవాళ్లూ ఉంటారు గానీ, టీచర్లకీ డాక్టర్లకీ రోగులకీ అది ఊరి బస్సు లాంటిది.

దీన్ని చూసి ఎవరికీ నవ్వు రాదు, మధ్యలో ఉన్నది ఉత్తర సముద్రపు చలిగాలి. నవ్వొచ్చేది ఇంకోటి ఉంది. 2016 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని ఆల్టెన్‌రైన్ నుంచి జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి ఒక సర్వీసు పెట్టారు. కాన్‌స్టన్స్ సరస్సు మీదుగా 20 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు. రెండు దేశాల మధ్య నడిచే వాటిలో అతి చిన్నదని పేరొచ్చింది. సరస్సు చుట్టూ రోడ్డుంది, రైలుంది, మీద పడవలున్నాయి. పర్యావరణం వాళ్లు ఏకిపారేశారు, సీట్లు నిండలేదు, ఆర్నెల్లు తిరక్కుండానే మూతపడింది.

యూరప్‌లో రైలా, విమానమా అని అడిగేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ రెండు కథలే. దారిలో నీళ్లున్నాయా, ఉంటే వాటి కింద సొరంగం ఉందా? సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

సముద్రం కింద 38 కిలోమీటర్లు

లండన్, పారిస్‌ల మధ్య సొరంగం ఉంది. మొత్తం పొడవు 50 కిలోమీటర్ల పైచిలుకు, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రగర్భం కిందే. సముద్రం కింద అంత పొడవున సాగే సొరంగం ప్రపంచంలో మరెక్కడా లేదు. 1994 నవంబరు 14న యూరోస్టార్ రైళ్లు మొదలయ్యాయి. ఇప్పుడు లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషను నుంచి పారిస్‌లోని గార్ ద్యు నోర్‌కి రెండుంపావు గంటలు, కాస్త అటూఇటూ.

విమానమైతే గంటంపావే కదా అంటారు. టికెట్ మీద రాసేది అదే మరి. ఇంటి నుంచి హీత్రోకి గంట, అక్కడ రెండు గంటల ముందు హాజరు, గంటంపావు ప్రయాణం, ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో దిగి పెట్టె కోసం బెల్టు దగ్గర నిలబడటం, మళ్లీ లోకల్ రైలు. లెక్కేస్తే అయిదు గంటలు దాటుతుంది. రైలుకీ గంట ముందు వెళ్లాలి, బ్యాగులు స్కాన్ చేస్తారు. అయినా దిగేది పారిస్ నడిబొడ్డున.

సెయింట్ పాంక్రాస్‌లో ఒక చిత్రం చూడొచ్చు. పాస్‌పోర్టు మీద ఫ్రాన్స్ తనిఖీ లండన్‌లోనే అయిపోతుంది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కొందరు చేతిలో బ్రిటన్ వీసా ఉంది కదా అని పారిస్‌కి టికెట్ కొనేస్తారు. ఫ్రాన్స్‌కి కావలసిన షెంజెన్ వీసా లేనివాళ్లని వెనక్కి పంపేది పారిస్‌లో కాదు, లండన్ స్టేషన్లోనే.

ఇంకో మాట. సముద్రం కింద నుంచి వెళ్తున్నాం కదా అని ఫోన్ పట్టుకుని కిటికీ పక్కన కాచుక్కూర్చునేవాళ్లుంటారు. ఇరవై నిమిషాల పాటు అద్దంలో కనిపించేది వాళ్ల మొహమే.

ఆవకాయ పరీక్ష

మనవాళ్లకి ఇది రికార్డుల కన్నా ముఖ్యం. 2006 నుంచి యూరప్‌లో విమానం ఎక్కేటప్పుడు చేతి బ్యాగులో ద్రవాలు 100 మిల్లీలీటర్లకి మించకూడదన్న నిబంధన ఉంది. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని చోట్ల సడలిస్తున్నారు గానీ, అన్నిచోట్లా కాదు. నూనె తేలే ఆవకాయ ద్రవమా, ఘనమా అని సెక్యూరిటీ వాళ్లతో వాదించి గెలిచినవాళ్లని నేనింకా చూడలేదు. యూరప్ రైళ్లలో చాలావాటికి అసలు తనిఖీయే ఉండదు, నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి ఎక్కేయడమే. స్పెయిన్ హైస్పీడ్ రైళ్లకి బ్యాగు స్కానర్ ఉంది, అయినా సీసా ఎన్ని మిల్లీలీటర్లని ఎవరూ అడగరు.

వేగానికి రికార్డు, వాడకానికి స్టేషను

చక్రాల మీద నడిచే రైళ్లలో ప్రపంచ రికార్డు ఫ్రాన్స్‌దే. 2007 ఏప్రిల్ 3న ప్రత్యేకంగా తయారుచేసిన టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఒకటి గంటకి 574.8 కిలోమీటర్ల వేగం అందుకుంది. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, ప్రయాణికులకి దక్కేది 300, 320. ఆ మాత్రానికే విమానాలు తోక ముడిచాయి. 1981లో పారిస్, లియాన్ మధ్య తొలి టీజీవీ పరుగు మొదలైంది. ఇప్పుడది రెండు గంటల దారి. మార్సెయ్‌కి దాదాపు 750 కిలోమీటర్లు, మూడు గంటల పైన కొంచెం. సికింద్రాబాద్ నుంచి విశాఖకి వందేభారత్‌లో 700 కిలోమీటర్లకి ఎనిమిదిన్నర గంటలు కూర్చున్నవాళ్లకి తేడా వేరే చెప్పక్కర్లేదు.

ఈ రంగంలో ఉన్నవాళ్లు నోటి లెక్కగా నాలుగు గంటల మాట చెబుతారు. రైల్లో మూడు గంటల లోపైతే విమానం నిలవదు, నాలుగు దాటితే రైలు నిలవదు. ఫ్రాన్స్‌లోనే రుజువుంది. పారిస్ నుంచి బోర్డోకి 2017లో కొత్త లైను వేశాక రెండు గంటల నాలుగు నిమిషాలకి తగ్గింది, జనం రైలెక్కారు. ఆ కొత్త లైను అందని తులూజ్‌కి నాలుగు గంటలు దాటుతుంది, జనం ఇంకా ఎగురుతూనే ఉన్నారు.

రెండున్నర గంటల్లో రైలు చేరే చోటికి దేశంలో విమానం నడపకూడదని ఫ్రాన్స్ చట్టమే చేసింది, 2023 మేలో అమల్లోకి వచ్చింది. ప్రపంచమంతా పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేశారు. తీరా చూస్తే ఆగినవి మూడే దారులు, పారిస్‌ ఓర్లీ విమానాశ్రయం నుంచి బోర్డో, నాంత్, లియాన్‌లకి. విదేశీ విమానం పట్టుకోబోయేవాళ్లకి వేసే కనెక్టింగ్ విమానాలకి మినహాయింపు. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే.

ఒకే ద్వీపకల్పం, రెండు లోకాలు

మాడ్రిడ్, బార్సిలోనా మధ్య 1974లో ‘గాలి వంతెన’ అని ఒక సర్వీసు పెట్టారు. ముందు రిజర్వేషన్ అక్కర్లేదు, ఎయిర్‌పోర్టుకి వెళ్లి వచ్చిన విమానం ఎక్కేయడమే, సిటీ బస్సు ఎక్కినట్టు. 2007లో ప్రపంచంలోనే అత్యంత రద్దీ విమాన మార్గంగా పేరు మోసింది. మరుసటేడు ఫిబ్రవరిలో హైస్పీడ్ లైను తెరిచారు. 621 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. కొన్నేళ్లకే విమానం వెనకబడింది. 2021 తర్వాత అదే పట్టాల మీద పోటీ కంపెనీలు దిగి టికెట్ ధరలు కూడా నేలకి దిగాయి.

అదే మాడ్రిడ్ నుంచి పడమటికి తిరగండి. లిస్బన్ అక్కడికి ఆకాశమార్గాన 500 కిలోమీటర్లే. రెండూ రాజధానులు, రెండూ యూరోపియన్ యూనియన్‌లోవే. 2020 మార్చిలో కొవిడ్‌తో పాటు ఆగిన రాత్రి రైలుని మళ్లీ నడపలేదు. రైల్లోనే వెళ్లాలని పంతం పడితే సరిహద్దులో చిన్నచిన్న బళ్లు మారుతూ దాదాపు తొమ్మిది గంటలు. విమానంలో గంటంపావు. ఈ దారిలో రైలెక్కమని నేను ఎవరికీ చెప్పను, పగవాళ్లకి తప్ప.

పేరు ఊరిది, చోటు వేరే

చవక విమానాల్లో ఒక మర్మం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం ఒకప్పుడు అమెరికా వైమానిక స్థావరం. ఫ్రాంక్‌ఫర్ట్‌కి 120 కిలోమీటర్ల దూరం. మ్యూనిక్ వెస్ట్ అని అమ్మిన మెమ్మింగెన్ 110 కిలోమీటర్లు. పారిస్ బోవే 80 దాటుతుంది. సూర్యాపేటలో దింపి ఇదే హైదరాబాద్ అన్నట్టు. నేనూ ఒకసారి టికెట్ కారుచౌక అని మురిసిపోయి తెల్లవారుజామున ఇలాంటి చోట దిగాను. ఊళ్లోకి వెళ్లే బస్సు టికెట్ విమానం టికెట్ కన్నా ఎక్కువ. ఆ బస్సూ అప్పుడే వెళ్లిపోయింది.

రైలూ ఏం తక్కువ తినలేదు. జర్మనీ అంటే గడియారం అనుకుంటాం. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో వేళకి చేరినవి 62.5 శాతం. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వేళకింద కట్టి, రద్దయిన బళ్లని లెక్కలోకే తీసుకోకుండా వచ్చిన అంకె ఇది. పక్కనే స్విట్జర్లాండ్ మూడు నిమిషాల గీత గీసుకుని 93 శాతం దాటింది. లేటుగా వచ్చే జర్మనీ బళ్లని సరిహద్దులోని బాసెల్‌లోనే ఆపేసి, అక్కణ్నుంచి తమ బండిలో తీసుకెళ్తుంటారు, తమ టైంటేబుల్ చెడిపోకూడదని.

ఆలస్యానికి పరిహారం కూడా చిత్రమే. విమానం మూడు గంటలు లేటైతే, తప్పు కంపెనీదైతే, దగ్గర దూరానికి కూడా 250 యూరోలు ఇవ్వాలి, మీరు పాతిక యూరోలకే టికెట్ కొన్నా సరే. రైలు గంట లేటైతే టికెట్ ధరలో పావువంతు, రెండు గంటలు దాటితే సగం. పాతిక యూరోల టికెట్‌కి ఆరు యూరోల పైచిల్లర చేతిలో పెడతారన్నమాట.

ధరల్లోనూ విమానానిదే పైచేయి. 2023లో గ్రీన్‌పీస్ యూరప్‌లో వందకి పైగా దారుల్లో పోల్చి చూసి, సగటున రైలు టికెట్ విమానానికి రెట్టింపు ఉందని తేల్చింది. దేశాల మధ్య ఎగిరే విమానాల ఇంధనం మీద పన్ను లేకపోవడం ఒక కారణం. పొగ లెక్క మాత్రం తిరగబడుతుంది. ఒక మనిషిని కిలోమీటరు మోయడానికి విమానం 160 గ్రాముల కర్బన ఉద్గారాలు వదిలితే రైలు 33 అని యూరప్ పర్యావరణ సంస్థ 2020 నివేదికలో రాసింది. విమానం ఎక్కడానికి పడే సిగ్గుకి స్వీడన్‌వాళ్లు ఒక మాటే పుట్టించారు, ‘ఫ్లిగ్‌స్కామ్’ అని. రైల్లో వెళ్లామని డప్పు కొట్టుకోవడానికి ‘తోగ్‌స్క్రిత్’. రెండోదే ఎక్కువ వినిపిస్తుందని నా అనుమానం.

ఫ్లైట్ నంబరున్న రైలు

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి ఆనుకునే హైస్పీడ్ స్టేషనుంది. అక్కణ్నుంచి కొలోన్‌కి వెళ్లే రైళ్లలో కొన్నిటికి లుఫ్తాన్సా ఫ్లైట్ నంబరు ఉంటుంది. కొలోన్ రైల్వే స్టేషనుకి విమానాశ్రయాలకిచ్చే మూడక్షరాల కోడ్ కూడా ఉంది, క్యూకేఎల్. 2024 జనవరిలో హైదరాబాద్‌ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం మొదలైంది కాబట్టి, శంషాబాద్‌లో ఎక్కినవాళ్లు ఒకే టికెట్ మీద చివరి మజిలీ రైల్లో చేయొచ్చు. విమానం లేటై రైలు తప్పిపోతే తర్వాతి రైలు చూపించే బాధ్యత విమాన కంపెనీదే. విడివిడిగా కొన్న టికెట్లకి ఈ భరోసా లేదు, గుర్తుంచుకోండి.

చేతులెత్తేసిన రోజులు

2009 డిసెంబరులో ఫ్రాన్స్ మంచు చలిలోంచి సొరంగపు వెచ్చదనంలోకి వచ్చిన యూరోస్టార్ రైళ్లు అయిదు ఒకే రాత్రి సొరంగంలో మొరాయించాయి. కరిగిన మంచు విద్యుత్ పరికరాల్లోకి చేరింది. రెండు వేల మందికి పైగా చీకట్లో చిక్కుపడ్డారు. నాలుగు నెలలు తిరిగేసరికి విమానాల వంతు వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద కక్కితే దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి, రైళ్లు కిటకిటలాడాయి. ఆస్లోలో ఇరుక్కున్న బ్రిటిష్ హాస్యనటుడు జాన్ క్లీజ్ బ్రస్సెల్స్ దాకా టాక్సీలో వెళ్లాడు, 3,300 పౌండ్లు పోసి. బూడిద కక్కిన ఐస్‌లాండ్‌లో అసలు రైళ్లే లేవు. మాల్టాలో, సైప్రస్‌లో కూడా లేవు.

రోమ్ నుంచి సిసిలీకి విమానంలో గంట పైచిలుకు. పలెర్మోకి రైల్లో పదకొండు, పన్నెండు గంటలు. లెక్క ప్రకారం విమానమే ఎక్కాలి. నేను మాత్రం ఒక్కసారికి రైలే ఎక్కమంటాను. దారికి అడ్డమొచ్చే మెస్సీనా జలసంధి ఇరుకైన చోట మూడు కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, వంతెన మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. విల్లా సాన్ జొవాన్నిలో రైలుని ముక్కలు చేసి, పెట్టెల్ని వరసగా ఓడ కడుపులోకి తోస్తారు. ఇంజను ఉండదు, దిగువన పట్టాల మీద గొలుసుల చప్పుడు. ప్రయాణికులు పెట్టె దిగి ఇనుప మెట్లెక్కి పై డెక్కుకి చేరతారు. అక్కడ క్యాంటీన్లో అరంచీని దొరుకుతాయి, అన్నం ముద్దలో కూర కుక్కి వేయించినవి, చూడటానికి మన పూర్ణాల్లాగే ఉంటాయి. కాగితంలో చుట్టి ఇస్తారు. అది తినేలోపు సిసిలీ దగ్గరపడుతుంది, కింద రైలు మళ్లీ అతుక్కోవడానికి సిద్ధమవుతూ ఉంటుంది.