కారు లేదు.. హారన్ లేదు.. 60 కిలోమీటర్లూ నది ఒడ్డే! ఫ్రాన్స్‌లో ఈ సైకిల్ దారి ఎలా పుట్టిందంటే..

సైకిల్ తొక్కాలని చాలామందికి ఉంటుంది. కానీ రోడ్డెక్కగానే భయం. వెనక నుంచి లారీ హారన్, పక్క నుంచి దూసుకెళ్లే బైక్. పిల్లల్ని వెంట తీసుకెళ్లాలంటే ఇంకా భయం. అయితే ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీ ప్రాంతంలోని ఓ పల్లె లోయలో దాదాపు 60 కిలోమీటర్లు కార్ల బెడద లేకుండా వెళ్లొచ్చు. ఒక పక్క నది, ఇంకో పక్క చెట్లు, చక్రాల కింద గట్టిపడిన సన్న కంకర. అదే బ్లావే నది ఒడ్డు దారి.

విశేషం ఏంటంటే.. ఇది సైకిళ్ల కోసం వేసిన దారి కాదు. యుద్ధ భయంతో మొదలైన ఓ ప్రాజెక్టు, వ్యాపారంలో దెబ్బతిన్నాక మిగిల్చిన దారి ఇది.

ఎక్కడుంది ఈ దారి?

బ్లావే నది బ్రిటనీ మధ్య నుంచి దక్షిణానికి పారి, లోరియాన్ దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. పోంతివీ పట్టణం నుంచి ఎన్బోన్ పట్టణం వరకు నది పొడవునా ఈ దారి సాగుతుంది. ఎన్బోన్ దాటితే సముద్రపు ఆటుపోట్లు మొదలవుతాయి. మధ్యలో పెద్ద ఊళ్లేమీ లేవు. పల్లెలు, పొలాలు, అడవి, నీటి మీద అడుగడుగునా లాకులు.. అంతే.

నెపోలియన్‌కు ఏం పని?

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌కు, ఇంగ్లండ్‌కు యుద్ధం నడుస్తోంది. ఇంగ్లిష్ నౌకాదళం సముద్రం మీద కాపు కాసి ఫ్రెంచ్ ఓడల్ని కదలనిచ్చేది కాదు. బ్రెస్ట్, లోరియాన్ లాంటి నౌకాదళ రేవులకు సరుకు చేర్చడమే గగనమైంది. దానికి నెపోలియన్ ప్రభుత్వం వెతుక్కున్న దారి.. సముద్రం జోలికి పోకుండా, దేశం లోపలి నదులను కలుపుతూ నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా ఓ జలమార్గం. మొత్తం 364 కిలోమీటర్లు, 230కి పైగా లాకులు. బ్లావే నదిని కూడా పడవలు తిరిగేలా మార్చి, పోంతివీని లోరియాన్‌తో కలిపారు. ఈ పోంతివీకి అప్పట్లో ఏకంగా నెపోలియన్ పేరే పెట్టారు.

అయితే ఈ పని ఊరికే పూర్తి కాలేదు. ఇదే జలమార్గంలో గ్లోమెల్ అనే చోట గుట్టను చీల్చి సుమారు 3 కిలోమీటర్ల పొడవున కందకం తవ్వారు. 1823 నుంచి 1832 దాకా సాగిన ఆ తవ్వకానికి వాడింది బ్రెస్ట్ జైలు నుంచి తెచ్చిన ఖైదీలను. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1842లో జలమార్గం తెరుచుకునేసరికి నెపోలియన్ చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇంగ్లండ్‌తో ఆ యుద్ధం ఎప్పుడో ముగిసింది.

గట్టు మీద దారి ఎందుకు?

అప్పట్లో పడవలకు ఇంజిన్లు లేవు. గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు కాలువ గట్ల మీద నడుస్తూ పడవల్ని తాళ్లతో లాగినట్టే, ఇక్కడా గుర్రాలు, కొన్నిసార్లు మనుషులే పడవల్ని లాగేవాళ్లు. తాడు చెట్లకు, కంచెలకు తగలకూడదు. అందుకే నీటి పక్కనే అడ్డం లేని దారి కావాల్సి వచ్చింది.

దీనికి ఫ్రాన్స్‌లో చాలా పాత చట్టమే ఉంది. పద్నాలుగో లూయీ రాజు కాలంలో, 1669లో పడవలు తిరిగే నదుల ఒడ్డున గుర్రాల కోసం 24 అడుగుల దారి వదలాలని శాసనం చేశారు. ఆ 24 ఫ్రెంచ్ అడుగులే ఇప్పటి చట్టంలో 7.80 మీటర్లుగా ఉన్నాయి. పడవలు లాగే వైపు ఒడ్డున భూమి ఉన్నవాళ్లు ఆ మేరకు దారి వదలాలి. అటువైపు 9.75 మీటర్ల లోపు చెట్లు నాటకూడదు, కంచె వేయకూడదు. గుర్రాలు పోయినా దారి కబ్జా కాకుండా మిగలడానికి ఇదో ముఖ్య కారణం.

వ్యాపారం పోయింది.. దారి మిగిలింది

1860ల్లో పోంతివీకి రైలు వచ్చింది. పడవ కంటే రైలు వేగం. సరుకు మెల్లగా అటు మళ్లింది. ఆ తర్వాత ఇంకో పెద్ద దెబ్బ తగిలింది. పోంతివీకి ఎగువన గెర్లెదాన్ దగ్గర విద్యుత్ కోసం ఆనకట్ట కట్టారు. 1923లో మొదలై 1930కి పూర్తయిన ఆ ఆనకట్ట కింద లోయ మునిగిపోయింది. లోయతో పాటు 17 లాకులూ నీటిలోకి వెళ్లాయి. నాంత్ నుంచి బ్రెస్ట్‌కు పడవలో వెళ్లే అవకాశం అక్కడితో తెగిపోయింది. 2015లో తనిఖీ కోసం ఆ జలాశయాన్ని ఖాళీ చేసినప్పుడు, బయటపడ్డ పాత లాకుల్ని, ఇళ్లను చూడ్డానికి లక్షల మంది వచ్చారు.

అలా పడవలు తగ్గాయి. కానీ గట్టు మీద దారి పాడైపోకుండా నిలిచింది.

ఇంత చదునుగా ఎలా ఉంది?

ఇక్కడే అసలు కిటుకు. లాకు అంటే నీటి మెట్టు. రెండు లాకుల మధ్య నీరు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. కాబట్టి పక్కనున్న దారీ చదునుగానే ఉంటుంది. లాకు వచ్చినప్పుడు మాత్రం రెండు మీటర్లు అటూ ఇటుగా చిన్న దిగుడు. పోంతివీ, ఎన్బోన్ మధ్య ఇలాంటి లాకులు 28 ఉన్నాయి. అంటే సగటున కిలోమీటరుకు ఒక మీటరు కూడా దిగువ ఉండదు. గుర్రం అలసిపోకూడదని చేసిన ఏర్పాటు, ఇవాళ పదేళ్ల పిల్లాడి మోకాళ్లకు పనికొస్తోంది.

తారు ఎందుకు వేయలేదు?

చాలామందికి వచ్చే డౌట్ ఇదే. కంకర దారికి కొన్ని లాభాలున్నాయి. వాన నీరు కొంత ఇంకుతుంది. ఎండకు తారులా కాలదు. నడిచేవాళ్ల కాళ్లకు, గుర్రాల డెక్కలకు మెత్తగా ఉంటుంది. సైకిళ్లు మరీ స్పీడ్‌గా దూసుకెళ్లవు. ఖర్చూ తక్కువే.

కానీ ఇబ్బందులూ లేకపోలేదు. వాన పడితే పైపొర మెత్తబడి చక్రాలకు అంటుకుంటుంది. వీపు దాకా బురద చిందుతుంది. చలికాలంలో నది పొంగితే పల్లపు చోట్ల దారి మీదికే నీరొస్తుంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు తారే సుఖం. అందుకే ఇలాంటి దారులకు కంకరా, తారా అన్నది ఫ్రాన్స్‌లో ఇప్పటికీ తెగని వాదనే.

సన్న టైర్ల రేసింగ్ సైకిల్ ఇక్కడ కష్టం. 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్న గ్రావెల్ బైక్ అయితే హాయి. అది లేకపోయినా మామూలు హైబ్రిడ్ సైకిల్ సరిపోతుంది. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది.

కార్లు నిజంగానే రావా?

ఫ్రాన్స్ రోడ్డు నిబంధనల్లో 2004లో 'వోయ్ వెర్త్' అనే దారిని చేర్చారు. అంటే పచ్చ దారి. ప్రధానంగా మోటారు లేని బండ్లకు, నడిచేవాళ్లకు, గుర్రపు రౌతులకు ఉద్దేశించింది ఆ దారి. 25 కిలోమీటర్ల వేగానికి మోటారు సాయం ఆగిపోయే ఎలక్ట్రిక్ సైకిల్‌ను సైకిల్ కిందే లెక్కిస్తారు. మోపెడ్లకు ఎంట్రీ లేదు. పడవలు లాగిన గట్టు దారుల మీదా ఇదే పద్ధతి. నిర్వహణ వాహనాలు మాత్రం అప్పుడప్పుడు కనిపిస్తాయి. వంతెనలు, ఊళ్లు వచ్చే చోట రోడ్డు దాటాల్సి ఉంటుంది. అక్కడ జాగ్రత్త తప్పదు.

దారిలో ఏమున్నాయి?

పోంతివీలో రోహాన్ వంశం వాళ్ల 15వ శతాబ్దపు కోట ఉంది. కొంత దూరం వెళ్తే నది గుర్రపు లాడంలా వంపు తిరిగే చోట సాన్ నికొలా దెజో పల్లె వస్తుంది. ఆ దగ్గర్లోనే పెద్ద బండ కింద ఆనించి కట్టిన సాన్ జిల్దా చిన్న చర్చి. అందులో కొడితే గంటలా మోగే రాయి ఉంది. ఇంకా దిగువన, దారి నుంచి కాస్త ఎత్తెక్కితే గడ్డి కప్పుల ఇళ్లతో పుల్ ఫెతాన్ అనే పాత పల్లె.

వెళ్లాలనుకుంటే..

పారిస్ నుంచి లోరియాన్‌కు హైస్పీడ్ రైలులో సుమారు 3 గంటలు. ఎన్బోన్‌కు లోకల్ రైళ్లున్నాయి. పోంతివీకి మాత్రం బస్సే. పోంతివీ నుంచి దిగువకు తొక్కితే తేలిక. అలవాటున్నవాళ్లకు ఒక్క రోజు, పిల్లలతో అయితే రెండు రోజులు వేసుకోవాలి. ఫ్రాన్స్‌లో 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పల్లెల్లో ఆదివారం, సోమవారం చాలా షాపులు మూసే ఉంటాయి. నీళ్లు, తిండి వెంట ఉంచుకోవడం మంచిది.

కొత్తగా భూమి సేకరించకుండానే ఈ లోయకు సైకిల్ దారి దక్కింది. ఉన్న గట్టును ఎవరూ ఆక్రమించకుండా చట్టం ఆపింది. కార్లు ఎక్కకుండా నిబంధన ఆపింది. ఆ రెండింటిలో ఏది సడలినా, ఇదీ ఈపాటికి మరో కార్ల రోడ్డయ్యేది.