మెడకు చుట్టుకున్న అప్పు

జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతు చెబుతున్నది. అందులో పేర్కొన్న ఎనిమిది వర్గాలలో బానిసలు, అప్పులపాలైనవారు పక్కపక్కనే ఉన్నారు. బానిసల కోసం అక్కడ వచ్చిన 'రిఖాబ్' అనే మాటకు అసలు అర్థం 'మెడలు'. మన తెలుగులో కూడా అప్పు మెడకే చుట్టుకుంటుంది. ఈ రెండు వర్గాలు ఒకదాని వెంట ఒకటి రావడంలోని అంతరార్థాన్ని పండితులు వివరిస్తారు. మాకు తెలిసిన చరిత్ర మాత్రం ఒక మాట చెబుతున్నది. చట్టం బానిసత్వాన్ని రద్దు చేసినచోట దాని స్థానంలోకి తరచూ అప్పే వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలకు ఇది పరాయి కథ కాదు.

తోటల యజమానుల ఏర్పాటు

వెస్టిండీస్ దీవులలో, మారిషస్‌లో చెరకు తోటలన్నీ ఆఫ్రికా బానిసల చెమటతో పండినవే. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. అప్పుడు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం మంజూరయింది. అది ఎవరికనుకున్నారు? తరతరాలుగా కొరడా దెబ్బలు తిన్న బానిసలకు కాదు, వారిని కోల్పోయిన యజమానులకు!

ఇక చెరకు నరికేదెవరు? యజమానుల చూపు హిందూస్తాన్ మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ మన దేశపు కూలీలతో మారిషస్ చేరింది. 1920 నాటికి ఆ ఒక్క దీవికే సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తెలుగువారూ ఉన్నారు. గోదావరి, విశాఖ ప్రాంతాల వారు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కడంతో మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది.

వారు పేరుకు బానిసలు కారు. ఒప్పంద కూలీలు. 'అగ్రిమెంట్' అనే మాట వారి నోట 'గిర్మిట్' అయింది. సాధారణంగా ఐదేండ్ల గడువు. ఆ ఐదేండ్లలో యజమానిని మార్చుకునే హక్కు లేదు. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలు. మారిషస్‌లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. వేలిముద్ర వేసినవారిలో చాలామందికి ఆ కాగితంలో ఏముందో తెలియదు. ఈ పద్ధతి 1917లో ఆగి, 1920 నాటికి ముగిసింది.

మనవారి తోటలు

ఇదంతా తెల్లవారి పాపమని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఒమన్‌లోని బాతినా తీరంలో ఖర్జూర తోటలకు నీళ్ళు పెట్టినవారిలో ఆఫ్రికా బానిసలు ఎందరో ఉన్నారు. జాంజిబార్‌లో ఒమనీ సుల్తానుల, శ్రీమంతుల లవంగ తోటలు కూడా బానిసల మీదే నడిచాయి. గల్ఫ్‌లో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారికి పడవ నాయకుడైన 'నాఖుదా' ముందుగా అప్పు ఇచ్చేవాడు. ఆ ఏడు దొరికిన ముత్యాలతో బాకీ తీరకపోతే మరుసటి ఏడూ అదే పడవ. తండ్రి చనిపోతే కొడుకు ఎక్కాలి. బానిసత్వాన్ని ఖతర్ 1952లో, సౌదీ అరేబియా 1962లో, ఒమన్ 1970లో చట్టప్రకారం రద్దు చేశాయి.

ఈ యజమానులు కలిమా చదివినవారే. హజ్రత్ బిలాల్ (రజి)ను హజ్రత్ అబూబక్ర్ (రజి) వెలపెట్టి కొని విముక్తి చేసిన ఉదంతం విన్నవారే. విన్నంత మాత్రాన ఆచరించినట్లు కాదు.

గడీల నీడలో

మన దగ్గర తోటలు లేవు, గడీలున్నాయి. పెండ్లికో, చావుకో దొర దగ్గర తెచ్చిన కొద్దిపాటి అప్పు కింద తండ్రి జీతగాడయ్యేవాడు. అది తీరకముందే కొడుకు పశువుల వెంట నడిచేవాడు. నిజాం సర్కారు కాగితాలలో వీరిని 'బగేలా'లు అన్నారు. 1936లో బగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ నిబంధనలు వచ్చినా ఊళ్ళలో దొర మాటే చట్టంగా సాగింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు ద్వారా, 1976లో చట్టం ద్వారా దేశమంతటా వెట్టి కార్మిక విధానం రద్దయింది. కూలీల పాత బాకీలు కూడా చెల్లవని ఆ చట్టం ప్రకటించింది.

అయినా 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు వెట్టి పోవాలంటూ జగిత్యాలలో జైత్రయాత్ర చేయవలసి వచ్చింది. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు, కేసులు, కరువు. ఎందరో యువకులు ఊరు విడిచారు. సిరిసిల్ల నేతన్నలు భీవండి మరమగ్గాల బాట పట్టారు. ఇంకొందరు బొంబాయి మీదుగా దుబాయి, సౌదీ, మస్కట్ చేరారు. దొర ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషికి గల్ఫ్ నిజంగానే స్వేచ్ఛగా కనిపించింది. ఆ సంపాదనతో ఇండ్లు లేచాయి, చెల్లెండ్ల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు. ఆ మేలును కాదనేవారు ఎవరూ లేరు.

కఫాలత్ అంటే ఏమిటి?

గల్ఫ్‌లో కార్మికుని వీసాకు, అకామాకు పూచీపడే యజమానిని 'కఫీల్' అంటారు. మా మదరసా పాఠాలలో ఈ మాట అర్థం వేరు. హజ్రత్ జకరియ్యా (అలై) బాలిక మర్యమ్‌కు కఫీల్ అయ్యారని ఖుర్ఆన్ చెబుతుంది. అనాథను కఫాలత్‌లోకి తీసుకున్నవాడు స్వర్గంలో తనకు చేరువలో ఉంటాడని దైవప్రవక్త (సల్లం) శుభవార్త ఇచ్చారు. అంటే కఫీల్ ఎదుటివాని భారాన్ని తన మెడ మీద వేసుకునేవాడు. పాస్‌పోర్టు పెట్టెలో దాచి, నెలల తరబడి జీతం ఆపి, ఇంటికి పోతానంటే సెలవు ఇవ్వనివాడు ఆ పవిత్రమైన మాటను తలకిందులు చేస్తున్నాడు. కూలీతో పూర్తిగా పని చేయించుకొని వేతనం ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాది అవుతాడని బుఖారీ హదీసు హెచ్చరిస్తున్నది. స్వతంత్రుడిని అమ్ముకున్నవాడు కూడా అదే హదీసులో ఉన్నాడు.

చట్టాలు కొంత మారాయి. ఖతర్ 2020లో, సౌదీ 2021లో యజమానిని మార్చుకునేందుకు వీలు కల్పించాయి. అయితే సౌదీ 2021 సంస్కరణలలో ఇంటి పనివారికి, డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్రెల కాపరులకు చోటు దక్కలేదు. మన పల్లెల నుంచి పోయేవారిలో ఎందరో చేసేది ఆ పనులే.

ముడి ఇక్కడే పడుతున్నది

కఫీల్ అక్కడ ఉన్నాడు సరే. ఆ అప్పు పుడుతున్నది మాత్రం మన వాడలోనే. ఏజెంటుకు ఇవ్వడానికి నూటికి రెండు మూడు రూపాయల నెల మిత్తికి అప్పు తెస్తారు. మనిషి విమానం ఎక్కకముందే రెండేండ్ల సంపాదన తాకట్టు పడుతుంది. అక్కడ జీతం సగమే ఇచ్చినా, చెప్పిన పని వేరు, చేయించే పని వేరైనా అతడు తిరిగి రాలేడు. తాళం వేసి ఉంచినది కఫీల్ ఒక్కడే కాదు, అప్పు కూడా. కఫీల్ నుంచి పారిపోతే 'ఖల్లివల్లి' అవుతాడు. పట్టుబడితే జైలు, లేదా క్షమాభిక్ష కోసం ఎదురుచూపు. ఇక్కడ కోరుట్లలో భార్య పొద్దంతా చేట ముందు కూర్చొని బీడీలు చుట్టి మిత్తి కడుతుంది. 'ఆజాద్ వీసా' అని ఒకటి అమ్ముతున్నారు. పేరు ఆజాద్. కొన్నవాడు ఎక్కడో కఫీల్‌కు ఏటేటా కప్పం కట్టాలి.

అరబీ తెలిసినవారమని మా దగ్గరికి ఒప్పంద పత్రాలు చదివించుకోవడానికి వస్తుంటారు. దుకాణంలో కొలువని నమ్మినవాని కాగితంలో 'రాయీ' అని ఉంటుంది. అంటే పశువుల కాపరి. చాలాసార్లు అప్పటికే డబ్బు చేతులు మారి ఉంటుంది. గిర్మిట్ కాగితానికీ దీనికీ తేడా ఎంత?

చేయవలసినది

డబ్బు ఇవ్వకముందే కాగితం చదివించుకోండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటేనా అని విచారించండి. అటువంటి ఏజెంటు 30 వేల రూపాయలు, దానిమీద పన్ను తప్ప సేవారుసుము తీసుకోరాదు. లక్షలు అడిగేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా దూరం పెట్టండి. విజిట్ వీసా మీద పనికి పోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ 'టామ్‌కామ్' ద్వారా ప్రయత్నించండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంది, దాని కాగితం ఒకటి ఇంట్లో ఉంచండి.

ఇక మన బాధ్యత. వీసా అప్పు మీద మిత్తి తినేవారిలో మన పేర్లవారు కూడా ఉన్నారు. వారితో సలాం చెప్పి ఊరుకోకుండా నాలుగు మాటలు మాట్లాడాలి. మస్జిద్ కమిటీలు బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసన, అంటే మిత్తి లేని అప్పు, ఇవ్వగలిగితే ఒక మనిషిని మెడ వంచకుండా పంపినట్లే. అప్పులో కూరుకున్నవాని హక్కు జకాత్‌లో ఉండనే ఉంది. పొరుగింటి హిందూ సోదరుడు అదే ఉచ్చులో ఉంటే సదఖా ద్వారా ఆదుకోవడానికి అడ్డేమీ లేదు.

ఈ జుమా నమాజు తర్వాత ప్రతి వాడలో ఒకరు పూనుకొని, వీసా అప్పుతో నలుగుతున్న ఇండ్లు ఎన్ని ఉన్నాయో, ఎవరికి ఎంత బాకీ ఉందో రాసి పెట్టండి. రమజాన్ వచ్చేసరికి ఆ జాబితా మీ చేతిలో ఉండాలి.