పంచెలోంచి దీపాన్ని చూస్తే

పొద్దుగూకి వీధి దీపాలు వెలిగినాక ఒక పని చేయండి పిల్లలూ. ఇంట్లో పాతబడిన సన్నని నేత పంచె ఉంటే తెచ్చుకోండి. గుడియాత్తం లుంగీ వద్దు, దాని నేత దొడ్డు. పలచనిదే కావాలి. తిన్నె మీద కూచుని ఆ గుడ్డను కంటికి దగ్గరగా బిగించి పట్టుకుని, వీధి చివర దూరంగా వెలిగే ఒంటి దీపాన్ని చూడండి. దీపం ఒకటే, కానీ దాని చుట్టూ అడ్డంగా, నిలువుగా వరసలు కట్టిన చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడతాయి. గుడ్డను తిప్పితే చుక్కలూ తిరుగుతాయి. నేత ఇంకా సన్నమైతే చుక్కలు ఒకదానికొకటి ఇంకా ఎడంగా జరుగుతాయి.

1785లో అమెరికాలో ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ అనే ఆయన పట్టు చేతిరుమాలులోంచి వీధి దీపాన్ని చూసి ఇట్లాగే ఆశ్చర్యపోయినాడు. ఇదేమి చిత్రమని రిట్టెన్‌హౌస్ అనే ఖగోళ పండితుడికి ఉత్తరం రాసినాడు. పోగుల సందుల్లోంచి వచ్చిన వెలుగు అలలు ఒకదానితో ఒకటి కలుసుకుని, కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల చల్లారిపోయి ఆ చుక్కలు పుడతాయి. నాకు ఇందులో భలే నచ్చేది ఏమంటే, గుడ్డ మీద చెయ్యి వేయనక్కర లేదు. చుక్కల ఎడం కొలిచి, అంగుళానికి ఎన్ని పోగులు నేసినారో లెక్క కట్టేయొచ్చు.

ఈ చుక్కల లెక్కే ఒక మందు గుట్టును కూడా విప్పింది. అదెట్లాగో చూడ్డానికి ఇప్పుడు కరిగిరికి పోదాం. వేలూరి దగ్గర 1955 నుంచీ కుష్ఠు వైద్యానికి పేరుపడిన ఆసుపత్రి అక్కడ ఉంది కదా. కుష్ఠుకు ఇచ్చే మాత్రల్లో డాప్సోన్ అని ఒకటి. చెంగల్పట్టులో డాక్టర్ కాక్రేన్ 1940లలోనే ఆ జాతి మందును రోగులకు ఇచ్చి చూసినాడు. అది ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఆకుకూర సంగతి చెప్పాలి.

మీ అవ్వ మునగాకు, కీరాకు తినమని ఊరికే చెప్పదు. వాటిలో ఫోలేటు ఉంటుంది, అది లేకపోతే కొత్త రక్తం సరిగా పుట్టదు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా పోయిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే లెడర్లీ కంపెనీలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపించింది. మనం దాన్ని తిని సంపాదించుకుంటాం. కుష్ఠు బాక్టీరియాకు ఆ వీలు లేదు. తన ఫోలేటు తానే చేసుకోవాలి. అందుకు దాని దగ్గర ఒక ఎంజైమ్ ఉంది. పేరు పొడుగు, డైహైడ్రోప్టిరోయేట్ సింథేజ్, డి.హెచ్.పి.ఎస్. అనుకుందాం. పాబా అనే చిన్న అణువును పట్టుకుని ఇంకో ముక్కకు అతికించడం దాని పని. డాప్సోన్ చూడ్డానికి పాబా మాదిరే ఉంటుంది. ఎంజైమ్ మోసపోయి పాబా చోట డాప్సోన్‌ను కూచోబెట్టుకుంటుంది, ఫోలేటు పని ఆగిపోతుంది. మన ఒంట్లో ఆ ఎంజైమే లేదు కాబట్టి ఈ దెబ్బ మనకు తగలదు.

అయితే 1964లో డాప్సోన్‌కు లొంగని బాక్టీరియా ఉందని మలేషియాలో రుజువైంది. ఎంజైమ్ డాప్సోన్‌ను ఎట్లా గుర్తుపట్టి బయటికి నెట్టింది? పాబాను మాత్రం ఎట్లా రానిచ్చింది? ఆ కూచునే చోటు ఆకారం చూస్తే గాని తెలియదు. చూద్దామంటే, మామూలు వెలుగు అల ఆ ఎంజైమ్ కన్నా ఓ వంద రెట్లు పెద్దది. ఏ మైక్రోస్కోపులో పెట్టినా దాని పరమాణువుల అమరిక ఆ వెలుగుకు చిక్కదు. ఎక్స్-రే అల పరమాణువు అంత చిన్నది, అది కావాలి. ఒక్క ఎంజైమ్ మీద ఎక్స్-రే పడితే వచ్చే జాడ లెక్కకు రానంత పలచన. అందుకే కోట్ల కోట్ల ఎంజైములను ఒకే తీరున, పంచెలో పోగుల్లాగా, వరసలో నిలబెట్టాలి. ఆ వరసే స్ఫటికం.

కుష్ఠు బాక్టీరియాను గాజు గిన్నెలో పెంచడం ఇప్పటికీ కుదరలేదు. ఎలుకల్లో పెంచితే ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకని వేరే బాక్టీరియాల్లో ఇదే ఎంజైమును చూసినారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై ఎంజైమ్ ఆకారం 1997లో, క్షయ బాక్టీరియాది 2000లో తేలింది. స్ఫటికం కట్టించడానికి, శుద్ధి చేసిన ఎంజైమ్ చుక్కను, ఉప్పులాంటివి కలిపి, గాజు బిళ్ళకు తలకిందులుగా వేలాడదీస్తారు. కింద ఇంకా చిక్కటి ఉప్పు నీళ్ళు. చుక్కలోని నీరు మెల్లగా కిందికి పోతుంది, ఎంజైములు దగ్గర పడతాయి. తొందరపడితే ముద్దకడుతుంది. ఉప్పు మార్చి, పులుపు మార్చి, చలువ మార్చి వందల చుక్కలు పెడితే ఎక్కడో ఒకదాంట్లో మిల్లీమీటరు కూడా లేని స్ఫటికం మెరుస్తుంది. గట్టిగా ముడితే చెదిరిపోతుంది, ఎందుకంటే అందులో సుమారు సగం నీరే. ఆ మెరుపు కోసం ఏళ్ళు గడిపినవాళ్ళున్నారు. వాళ్ళ ఓపికంటే నాకు ఎంతో గౌరవం.

ఎక్స్-రేలు పడితే వేల చుక్కలు వస్తాయి. కానీ చుక్కల వెలుగు మాత్రమే తెలుస్తుంది, ఏ అల ముందు లేచింది, ఏది వెనక అన్నది పోతుంది. బరువైన లోహం అతికించో, ముందే తెలిసిన బంధువు ఆకారం సాయంతోనో దాన్ని రాబడతారు. చివరికి వచ్చిన ఆకారం సరైనదేనా? ఇక్కడ మన మద్రాసు మాట చెప్పకపోతే తప్పవుతుంది. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చిన జి.ఎన్.రామచంద్రన్, తోలులో ఉండే కొల్లాజెన్ ఆకారాన్ని గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో విప్పినాడు. మూడు పేటలు పెనవేసుకున్న ప్రోటీన్ అది. రాణిపేట తోళ్ళ షెడ్లలో పదునుపెట్టేది దాన్నే. తర్వాత 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి, ప్రోటీన్ గొలుసు ఏ మలుపు తిరగగలదో, ఏది తిరగలేదో చెప్పే పటం గీసినాడు. ఎంజైములూ ప్రోటీన్లే కాబట్టి, ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ కొత్త ఎంజైమ్ ఆకారం తేల్చినా, ముందు ఆ రామచంద్రన్ పటంలో పెట్టి సరిచూసుకుంటారు.

డి.హెచ్.పి.ఎస్. లోపల ఎనిమిది పట్టీలు గుండ్రంగా పీపా కట్టి ఉంటాయి, వాటి చుట్టూ ఎనిమిది మెలికలు. పాబా ఎట్లా కూచుంటుందో 2012లో అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో స్టీఫెన్ వైట్ బృందం చూపింది. ఆంత్రాక్స్, ప్లేగు బాక్టీరియాల ఎంజైముల స్ఫటికాల్లోనే ఆ పని జరగనిచ్చి, మధ్యలో పట్టుకున్నారు. పాబా ఆ చోట పూర్తిగా ఇమిడిపోతుంది. డాప్సోన్‌కు దగ్గరి చుట్టమైన సల్ఫా మందుకు మాత్రం ఒక కొస బయటికి పొడుచుకుని ఉంటుంది. లొంగని బాక్టీరియా ఆ కొస తగిలే చోటునే మార్చుకుంటుంది. కొస అక్కడ తగిలి మందు ఇమడదు, పాబాకు ఏ అడ్డూ ఉండదు.

కుష్ఠు బాక్టీరియా ఎంజైమ్ గొలుసులో ఆ చోటు 53, 55 స్థానాల దగ్గర పడుతుంది. ఒకప్పుడు మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఎలుక పాదంలో బాక్టీరియాను పెంచి నెలల తరబడి కాచుకునేవాళ్ళు. ఇప్పుడు చర్మం నుంచి గీకిన చిటికెడు నమూనాలో ఆ రెండు స్థానాల డి.ఎన్.ఏ. చదివితే, ఈ రోగికి డాప్సోన్ పనిచేస్తుందో లేదో డాక్టరుకు కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.