మెటల్ సంగీతమునకు తగిన విద్యుత్ గిటారు

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున 1968లో ఏర్పడిన బ్లాక్ సబ్బాత్ వాద్యబృందము హెవీ మెటల్ అను సంగీతశాఖకు ఆద్యులలో ఒకటి. ఈ సంగీతమున విద్యుత్ గిటారు ప్రధాన వాద్యము. దాని నాదము మంద్రముగను, కరకుగను ఉండవలెను. అయినను ప్రతి మీటును విడివిడిగా వినబడవలెను. ఇందుకై తయారగు మేలురకపు గిటార్లలో కొన్నింటి వెల లక్షల రూపాయలుండును. అంత సొమ్ము వెచ్చించువాడు పేరును చూడవలెనా, కొయ్యను చూడవలెనా, మెరుగును చూడవలెనా? ఉన్నత పాఠశాలలో చదువు భౌతికశాస్త్రమే ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము చెప్పగలదు.

తీగ నుండి విద్యుత్తు

వీణకు వలె ఈ గిటారుకు బోలు కుండ అవసరము లేదు. తీగల క్రింద పికప్ అను పరికరముండును. అందులో అయస్కాంతములు, వాని చుట్టు వేలకొలది చుట్లుగల సన్నని రాగితీగ ఉండును. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి, చుట్టలో విద్యుత్తు పుట్టును. ఇది ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే.

పికప్ గ్రహించునది గాలిలోని ధ్వనిని కాదు, తీగ చలనమును. 1932లో అమ్మకమునకు వచ్చిన రికెన్‌బాకర్ గిటారు ఒడలు పోత అల్యూమినియముతో చేయబడినది. అందు కొయ్యయే లేదు. కావున ఎంపికలో కొయ్యకంటె తీగకును పికప్‌కును ముందు చోటీయవలెను.

తీగ పొడవు

బ్లాక్ సబ్బాత్ గిటారు వాదకుడు టోనీ అయోమీ 1965లో, 17వ ఏట, రేకుల కర్మాగారములో జరిగిన ప్రమాదమున కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను కోల్పోయెను. ఆయన ఎడమచేతివాటము వాడగుటచే తీగలను నొక్కునది ఆ చేతితోనే. అందుచే సన్నని తీగలను వాడెను. పిమ్మట శ్రుతిని తగ్గించి వానిని వదులుచేసెను. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ రికార్డులో కొన్ని పాటలకు శ్రుతి మూడు స్వరస్థానములు దిగినది. పిమ్మట అనేక బృందములు ఇంకను క్రిందికి పోయినవి.

సాధారణ గిటారులో అతి మంద్రపు తీగ సెకనుకు 82.4 మార్లు కంపించును. దానిని అయిదు స్వరస్థానములు దించినచో 61.7 కంపనములగును. అదే తీగకు బిగువు మాత్రము 56 శాతమునకు పడిపోవును. ఏలనన బిగువు పౌనఃపున్య వర్గమునకు అనులోమానుపాతముగా ఉండును. వదులైన తీగను గట్టిగా మీటినచో అది విశాలముగా ఊగి, మెట్లకు తగిలి గలగలలాడును. ఊగునపుడు బిగువు పెరుగుటచే స్వరము క్షణకాలము పైకెగసి, పిదప నిజస్థానమునకు దిగును.

లావుతీగ వేయుట ఒక ఉపాయము. కాని మితిమీరి లావైన తీగ బిరుసెక్కుటచే దాని అతిస్వరములు సరియైన గుణిజములకు కొంత తప్పును. రెండవ ఉపాయము తీగ పొడవును పెంచుట. గిబ్సన్ లెస్ పాల్ గిటారులో ఈ పొడవు సుమారు 628 మిల్లీమీటర్లు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో 648. మంద్రశ్రుతికై చేయు గిటార్లు పెక్కింట 686. ఒకే తీగను ఒకే శ్రుతిలో ఉంచినచో మొదటిదానికంటె చివరిదానిలో బిగువు సుమారు 19 శాతము ఎక్కువ.

దీనిని సోనోమీటరుపై తరగతిలో చూపవచ్చును. 4 కిలోగ్రాముల బరువును 2.25 కిలోగ్రాములకు తగ్గించినచో శ్రుతి శుద్ధమధ్యమమునుండి షడ్జమమునకు దిగును. తీగ పొడవును పదవవంతు పెంచి అదే షడ్జమమును పలికించుటకు సుమారు 2.7 కిలోగ్రాములు కావలెను.

రొదను అణచుట

మెటల్ వాదకులు వర్ధకమును మితిమీరి నడుపుదురు. అపుడు తరంగ శిఖరములు తెగిపోయి కొత్త అతిస్వరములు పుట్టును. అదే ఆ కరకుదనము. అయితే మంద్రమైన సంకేతములును బాగుగా పైకి వచ్చును. విద్యుత్ సరఫరానుండి చుట్టలో చేరు 50 కంపనముల రొదయు (అమెరికాలో 60) అట్లే పెరుగును.

గిబ్సన్ సంస్థ ఇంజనీరు సేత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ దీనికి విరుగుడు. ఇందు రెండు చుట్టలు కలవు. వాని ధ్రువములును, విద్యుత్తు ప్రవహించు దిశలును పరస్పర వ్యతిరేకములు. బయటి రొద రెండింటిలో పుట్టి పరస్పరము రద్దగును. తీగ సంకేతములు మాత్రము కూడుకొనును. కొన్ని పికప్‌లలో 9 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న వర్ధకమును అమర్చుదురు.

గుర్రము

తీగలు ఆనియుండు గుర్రము రెండు విధములు: కదలనిది, కదలునది. 1979లో పేటెంటు పొందిన ఫ్లాయిడ్ రోజ్ గుర్రము రెండవ తెగకు చెందినది. స్ప్రింగుల లాగుడు, తీగల బిగువు సమతూకముగా ఉండుటచే అది నిలుచును. ఒక తీగ శ్రుతి మార్చినచో తక్కినవియు చెదరును. పాటపాటకు శ్రుతి మార్చువారికి కదలని గుర్రమే మేలు. స్వరమును ఒక్కసారిగా క్రిందికి జార్చగోరువారికి కదలునది తగినది.

కావున మొదట వాదకుడు తన అతి మంద్ర స్వరమును నిర్ణయించుకొనవలెను. దానినిబట్టి తీగ పొడవు, లావు, ఆ పిమ్మట పికప్, గుర్రము తేలును. ఇవి సమానముగానున్న రెండు గిటార్ల మధ్య అధిక ధరకు లభించునది మెట్ల సమతలము, మెడ నిలుకడ మొదలగు పనితనము. వానిని పరీక్షించునపుడు ఒకే లావు తీగలు, ఒకే వర్ధకము, ఒకే స్థాయి బిగ్గరతనము ఉండవలెను. లేనిచో బిగ్గరగా పలికినదే మేలైనదిగా తోచును.