మొల్ల: అందరికీ తెలిసిన పేరు, ఎవరూ పెట్టుకోని పేరు

మొల్ల రామాయణం గురించి వినని తెలుగువాళ్ళు తక్కువ. చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదువుకున్నాం. హైదరాబాద్ టాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం చూశాం. వాణిశ్రీ మొల్లగా నటించిన 'కథానాయిక మొల్ల' 1970లో వచ్చింది, మన అమ్మలు చూసే ఉంటారు. 2017లో తపాలా శాఖ ఆమె పేరు మీద స్టాంపు కూడా తెచ్చింది. ఇంత పేరున్న పేరు కదా, మీ చుట్టాల్లోనో, స్నేహితుల పిల్లల్లోనో మొల్ల అనే అమ్మాయి ఒక్కరైనా ఉన్నారా? నాకైతే ఒక్కరు కూడా తగల్లేదు, మా ఇంట్లో పాపకు పెట్టుకునేదాకా.

మా రెండో పాప పోయినేడాది ఇక్కడ సింగపూర్‌లోనే పుట్టింది. పుబ్బ నక్షత్రం మొదటి పాదం, 'మో' అక్షరం వచ్చేలా పేరు పెట్టుకోమన్నారు పంతులు గారు ఫోన్లో. ఇక్కడ 42 రోజుల్లోగా పుట్టుక నమోదు చేయించాలి, అప్పటికి పేరు ఖాయం కావాలి. మోక్షిత, మోనిష, మోహన అంటూ ఇంటిల్లిపాదీ వాట్సాప్‌లో జాబితాలు పంపుతుంటే, నేను "మొల్ల ఎలా ఉంటుంది?" అన్నాను. హ్రస్వమైనా పర్వాలేదన్నారు పంతులు గారు. పర్వాలేదు అననిది మాత్రం చుట్టాలే. ఆ సంగతికి తర్వాత వస్తాను, ముందు పేరు కథ చెప్తాను.

ముందు పువ్వు

నేను చదివింది బీఎస్సీ బోటనీ. ఉద్యోగం చేయకపోయినా మొక్క కనిపిస్తే దాని కుటుంబం ఏమిటా అని ఆలోచించే అలవాటు పోలేదు. మల్లె, జాజి, మొల్ల అన్నీ జాస్మినమ్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఆలివ్ చెట్టు కూడా ఈ కుటుంబమే. మనం జడలో పెట్టుకునే మల్లె జాస్మినమ్ సంబాక్. మొల్ల దానికి చెల్లెలు వరస. నిఘంటువుల్లో మొల్లకు కుందం అని అర్థం ఇస్తారు. బోటనీలో జాస్మినమ్ మల్టీఫ్లోరమ్, అంటే గుత్తులుగా ఎక్కువ పూలు పూసేది. లేత కొమ్మల మీద, ఆకుల మీద మెత్తటి నూగు ఉంటుంది. మల్లె ఎండాకాలంలో పూస్తే కుందం చలికాలంలో పూస్తుంది. మాఘమాసంలో పూస్తుందనే అమరకోశంలో దానికి 'మాఘ్యం' అని ఇంకో పేరు ఉంది.

మన కావ్యాల్లో తెల్లటి పలువరసను మొల్లమొగ్గలతో పోలుస్తారు. పిల్లలకు మనం నేర్పే సరస్వతీ శ్లోకం ఒకసారి గుర్తు చేసుకోండి, అమ్మవారి తెలుపును వర్ణించే మొదటి మాటలోనే కుందం ఉంది. కుందం సంస్కృతం, మొల్ల అచ్చ తెలుగు.

ఈ తేడాయే నాకు ముఖ్యం అనిపించింది. తెలుగు పేర్లు అని మనం పెట్టుకునేవాటిలో చాలా భాగం సంస్కృతం. లక్ష్మి, సరస్వతి, అనన్య, సహస్ర ఏదైనా అంతే. అందులో తప్పేమీ లేదు. కానీ అచ్చ తెలుగు ఆడపేర్లు ఎక్కడున్నాయో చూడండి: బంగారమ్మ, ముత్యాలమ్మ, చిట్టెమ్మ, చుక్కమ్మ. అవన్నీ అమ్మమ్మలతో, నాయనమ్మలతో ఆగిపోయాయి. మనకు అవి పల్లెటూరి పేర్లు అయిపోయాయి. వాటిలో వెన్నెల లాంటివి ఒకటీ అరా మాత్రమే ఇప్పటికీ పెట్టుకుంటున్నారు.

సింగపూర్‌లో దీని చుట్టాలు

ఇక్కడ లిటిల్ ఇండియాలో బఫెలో రోడ్డు పక్కన పూల దుకాణాల్లో ఈ పేరు చెబితే తమిళ పూలాయన వెంటనే "ముల్లైయా?" అన్నాడు. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల. నాలుగూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. సంగం కాలపు తమిళ కవిత్వంలో అడవి, పచ్చిక ఉన్న నేలకే ముల్లై అని పేరు. దూరంగా ఉన్నవాడి కోసం ఎదురుచూసే ఇల్లాలి పాటలన్నీ ఆ నేలవే.

ఎదురింటి చైనీస్ ఆంటీకి మల్లెపూవు అని అర్థం చెప్పగానే "ఓ, మోలీ!" అంది. చైనీస్ భాషలో మల్లెను మోలీ అంటారు. మన 'మల్లిక' అంత దూరం వెళ్ళి మోలీ అయిందని భాషా పండితులు చెప్తారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పతకాలిచ్చేటప్పుడు వినిపించిన ట్యూన్ కూడా ఆ మోలీ పువ్వు మీద ఉన్న జానపద గీతానిదే. మలయ్ భాషలో మల్లె మెలాతి, అది మన 'మాలతి'. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటారు కూడా. పక్కనే ఉన్న ఇండోనేషియాకు తెల్ల మెలాతి జాతీయ పుష్పం. మోలీ, మెలాతి మన మొల్లకు సొంత చెల్లెళ్ళు కావు, మల్లిక, మాలతి వైపు చుట్టాలు. అయినా మా బ్లాకులో ఏ ఇంటివాళ్ళకు చెప్పినా పేరు అర్థమవుతుంది.

చిక్కులు లేవని కాదు. ఇంగ్లీషులో ఎం, ఓ, రెండు ఎల్‌లు, ఏ అని రాస్తే 'మోలా' అనీ 'మాలా' అనీ పలుకుతారు. మలయ్‌లో 'ములా' అంటే మొదలు. బంగ్లాదేశ్‌లో మొల్లా అనేది ఇంటిపేరు, ముల్లా అనే మాట నుంచి వచ్చింది. మా బ్లాకు కింద పనిచేసే ఒక బంగ్లాదేశీ అన్న పాప పేరు విని, "అది మా ఇంటిపేరు కదా" అని నవ్వాడు. ఇక మనవాళ్ళు 'మొలతాడు' అని ఏడిపించడం ఎలాగూ ఉంది.

ఆ మొల్ల

ఆతుకూరి మొల్ల సుమారు 500 ఏళ్ళ కిందటి మనిషి. తండ్రి కేసన శివభక్తుడు. ఊరు గోపవరం. శివుడికి ఇష్టమైన పువ్వని కూతురికి ఆ పేరు పెట్టుకున్నాడని చెప్తారు. ఆమె రామాయణం ఆరు కాండలు, దాదాపు 870 గద్యపద్యాలు. రాజుకు అంకితం ఇవ్వలేదు, రాముడికే ఇచ్చింది. తనకు శాస్త్రాలు రావని, శివుడి దయ వల్లే కవిత్వం అబ్బిందని ముందే చెప్పుకుంది. కావ్యం వినగానే అర్థం కావాలి, గూఢమైన మాటలు పేరిస్తే ఏం లాభం అని కూడా అంది. అప్పట్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

మరి ఎందుకు పెట్టుకోలేదు?

ఇప్పుడు చుట్టాల సంగతి. మా అత్తయ్య గారు వీడియో కాల్‌లో నెమ్మదిగానే అన్నారు: "ఇన్ని మంచి పేర్లుండగా కుమ్మరోళ్ళ పేరెందుకమ్మా?"

నాకు జవాబు దొరికింది అక్కడే. పోతనను మనం పోతన అంటాం, శ్రీనాథుణ్ణి శ్రీనాథుడు అంటాం. మొల్లను మాత్రం 'కుమ్మర మొల్ల' అంటాం. సంప్రదాయం ఆమెను కుమ్మరి ఇంటి ఆడపడుచు అంటుంది, అది ఆమెకు తక్కువేమీ కాదు. మట్టితో కుండ చేసేవాళ్ళ ఇంట్లో నుంచి రామాయణం వచ్చింది. కానీ ఆ ముందుమాట వల్లే కొన్ని కులాలవాళ్ళకు ఇది 'మనది కాని పేరు' అయిపోయింది. విగ్రహానికి దండ వేస్తాం, పద్యం బట్టీ పడతాం, పిల్లకు మాత్రం పెట్టం. సముద్రాలు దాటి వచ్చినా ఈ లెక్క మనతోనే విమానం ఎక్కింది.

"రామాయణం రాసినావిడ పేరు అత్తయ్యా," అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. నామకరణం రోజు బియ్యంలో మావారు మొల్ల అని రాశారు. అత్తయ్య గారు ఇప్పటికీ పాపను 'మాలతీ' అనే పిలుస్తారు. నేను అడ్డు చెప్పను. అదీ పువ్వు పేరే కదా. అయితే పాప పెద్దయ్యాక "నాన్నమ్మ నన్ను వేరే పేరుతో ఎందుకు పిలుస్తుంది?" అని అడుగుతుంది. అప్పుడు నిజమే చెప్తాను.

మీరూ ఆలోచించండి

ఇక్కడి బడుల్లో తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు లేదు. మా పెద్దది హిందీ చదువుతోంది. ఇంట్లో మనం మాట్లాడినంతే వీళ్ళకు వచ్చే తెలుగు. అలాంటప్పుడు రోజుకు పదిసార్లు వినిపించే ఒక్క మాటైనా తెలుగు మాట అయితే బాగుంటుంది కదా. టీచర్ హాజరు పిలిచినప్పుడు, స్నేహితులు ఆటకు పిలిచినప్పుడు, ఒక అచ్చ తెలుగు మాట నలుగురి నోట పలుకుతుంది. అర్థం అడిగినవాళ్ళకు పువ్వు చూపించవచ్చు, కథ చెప్పవచ్చు.

ఇలాంటి పేరు పెట్టాలనుకుంటే ఒకటి చేయండి. ఇంగ్లీషులో ఎలా రాస్తారో ముందే అనుకుని, మీ చుట్టూ ఉన్న నాలుగు భాషలవాళ్ళ చేత పలికించి చూడండి. వాళ్ళ భాషలో ఏదైనా చెడ్డ అర్థం ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. పేరు మొల్లే కానక్కర్లేదు. మీ అమ్మమ్మలవి, నాయనమ్మలవి, వాళ్ళ అక్కచెల్లెళ్ళవి పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. చివర 'అమ్మ' తీసేసి చదవండి. బంగారు, ముత్యాలు, చుక్క. పేర్ల యాప్‌లో కనిపించని పేరు మీ ఇంట్లోనే ఉండొచ్చు.