చింతపిక్కల దుకాణం

పసిపిల్లలకి ఆట మంచిదేనా అని ఏ టీచరమ్మని అడిగినా మంచిదే అంటుంది. కాసేపటికి ఆవిడే "ముందు అక్షరాలు దిద్దండి, తర్వాత ఆడుకుందురు గాని" అని పిల్లల్ని కూర్చోబెడుతుంది. ఆట మీద ఆవిడకి కోపమేమీ లేదు. చదువు ముగిశాక ఇచ్చే తాయిలం అనుకుంటోంది, అంతే.

ఆ తాయిలంలో ఏముందో ఒకసారి దగ్గరగా చూద్దాం. నాలుగేళ్ళ పాప చింతపిక్కలు పోసుకుని మిఠాయి దుకాణం పెట్టింది. "ఐదు లడ్డూలియ్యి" అని ఓ బాబు చెయ్యి చాపాడు. పాప గడగడా ఐదు దాకా చదివేసింది కానీ, నోటి వేగం వేళ్ళకి లేక నాలుగే పెట్టింది. "ఇంకోటేదీ?" అని గొడవ. ఈసారి ఒక్కో అంకెకి ఒక్కో పిక్క చొప్పున నెమ్మదిగా పెట్టింది. అంకెలు వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఆఖరున పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్నది గణితానికి పునాది. పనిలో పనిగా, రెండు వేళ్ళతో పిక్కని ఏరడంలో రేపు బలపం పట్టుకోవడానికి కావలసిన పట్టూ వస్తోంది.

ఇక్కడ టీచర్‌కి పని లేదా? ఉంది. పక్కన కూర్చుని "ఇద్దరొచ్చి మూడేసి అడిగితే నీ దగ్గరున్నవి సరిపోతాయా?" అని ఒక్క ప్రశ్న వెయ్యాలి. వేసి, ఊరుకోవాలి. ప్రశ్న మీద ప్రశ్న వేస్తే దుకాణం కాస్తా పరీక్ష హాలయిపోతుంది.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. గిజుభాయి బధేకా 1920లోనే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచి, ఆటపాటలతో చదువు చెప్పించారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా వయసుని పునాది దశగా గుర్తించి, ఆటే బోధన మార్గమంది. 2023లో కేంద్రం బొమ్మలు, పజిళ్ళు, కార్డులతో 'జాదుయీ పిటారా' అనే పెట్టెనీ తెచ్చింది.

మరి అయినా నోటుపుస్తకమే ఎందుకు గెలుస్తోంది? అంగన్‌వాడీ టీచర్‌ని చూడండి. పిల్లల బరువులు తూచాలి, భోజనం సంగతి చూడాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి. సాయంత్రం ఓ తల్లి వచ్చి "పక్కింటి వాడు కాన్వెంటులో ఏబీసీడీలు రాసేస్తున్నాడు, మా వాడికేం చెప్పారు?" అంటుంది. రాసిన పుస్తకం సంచిలో ఇంటికి వెళ్తుంది. చింతపిక్కల దుకాణం సాయంత్రానికి డబ్బాలోకి పోతుంది. చూపించడానికి ఏమీ మిగలని పనిని ఎవరు మాత్రం ధైర్యంగా చదువంటారు?

కాబట్టి టీచర్లకి ఆట గొప్పదనం మీద ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. ఆటలో జరిగిన చదువుని గుర్తుపట్టే చూపు, దాన్ని తల్లికి అర్థమయ్యేలా చెప్పే మాట కావాలి. శిక్షణలో నేర్పవలసింది అదే. "ఇవాళ మీ పాప ఐదు లెక్కపెట్టిందమ్మా. ఇంటికెళ్ళాక ఐదు ఉల్లిపాయలు తెమ్మని అడిగి చూడండి." ఆ ఉల్లిపాయలు సరిగ్గా ఐదూ వస్తే, ఆ తల్లి మర్నాడు పుస్తకం సంగతి అడగదు.